‘మనవాడే కదా!’: నమ్మకం, నేరం, మన రైలు ఊరు

(బిలాస్‌పూర్ తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఈ హాల్లో అందరికీ తెలుసు. తన పేరు మీద పటం గానీ పలక గానీ సభ గానీ పెట్టొద్దని ఆయన బతికుండగానే మన దగ్గర మాట తీసుకున్నారు. సభ పెట్టి ఆ మాట సగం తప్పాం. పేరు పలక్కుండా మిగతా సగమైనా నిలబెడదాం. మనకు ఆయన పెద్దాయన. అంతే.

రైల్వేలో గుమాస్తాగా చేరి అక్కడే రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేశాక తోర్వా వైపు రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటి అరుగు మీద ఒక చెక్క బల్ల, రెండు కుర్చీలు, కార్బన్ కాగితాల కట్ట ఉండేవి. పింఛను కాగితం ఆగిపోయినా, పాసు దరఖాస్తు తిరిగొచ్చినా, కోర్టు నోటీసు వచ్చినా జనం ఆ అరుగు ఎక్కేవారు. నేను వకీలుగా నల్లకోటు వేసుకున్న కొత్తలో చాలా సాయంత్రాలు అక్కడే గడిపాను. ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం ఆ అరుగు మీద ఒక సాయంత్రం నాకు మొదటిసారి అర్థమైంది.

ఆ సాయంత్రం ఒక తల్లీ కొడుకూ వచ్చారు. ఆమె చీరకొంగు కింద నుంచి పాలిథిన్ కవరు తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచింది. పైన రైల్వే ముద్ర, కింద గుండ్రటి స్టాంపు, ఊదా సిరాతో సంతకం. ట్రాక్‌మన్ ఉద్యోగానికి నియామకపత్రం. ఆమె నిలబడే ఉంది. “ఏటి బాబూ, ఇది అసలుదేనా?” అంది.

పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివారు. అందులో నోటిఫికేషన్ నంబరు లేదు. రోల్ నంబరు లేదు. ఉద్యోగంలో చేరమన్న తేదీ గోడ మీది క్యాలెండర్లో చూస్తే ఆదివారం. కాగితం నకిలీ అని ఆయన మొహం చూసి నాకు తెలిసిపోయింది. తల్లికీ తెలిసిపోయింది. ఆరు లక్షలు ఇచ్చారు. ఊళ్లో మిగిలిన అరెకరం అమ్మారు, ఆమె పుస్తెలతాడు అమ్మారు, మిగతాది వడ్డీకి తెచ్చారు. పుచ్చుకున్నవాడు పరాయివాడు కాదు. అదే వీధివాడు, మన భాషవాడు, కోవెల ఉత్సవానికి చందా పుస్తకం పట్టుకుని మన గుమ్మాలన్నీ తిరిగినవాడు.

నేను చిన్నవాణ్ణి. నోరు ఆపుకోలేక “అంత డబ్బు ఎందుకిచ్చారమ్మా?” అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కాగితం మళ్లీ నాలుగు మడతలు పెట్టి, కవర్లో దూర్చి, కొడుకు చెయ్యి పట్టుకుని అరుగు దిగబోయింది. పెద్దాయన లేచి వెళ్లి వాళ్లను కూర్చోబెట్టారు. నా వైపు తిరిగి చెప్పారు: “ఎందుకిచ్చావని అడక్కు. ఎప్పుడిచ్చారు, ఎలా ఇచ్చారు, ఎవరి ఎదట ఇచ్చారు, అదడుగు. నీ చదువు అందుకు పనికొస్తుంది.”

ఈ గంటసేపు నేను చెప్పబోయేదంతా ఆ మాటకు వివరణ మాత్రమే.

నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది

మోసం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఆశ దగ్గర మొదలుపెడతారు. జనానికి ఆశ ఎక్కువ, అందుకే మోసపోతారు అంటారు. మన ఊరి మట్టుకు ఆ మాట సగమే నిజం. ఇక్కడ మోసానికి పునాది ఆశ కన్నా ముందు నమ్మకం. ఆ నమ్మకానికి ఒక చరిత్ర ఉంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. దాని పట్టాలు పడ్డాకే బిలాస్‌పూర్ రైలు ఊరయింది. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక శ్రీకాకుళం, పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి రావడం ఇంకా సులువైంది. గ్యాంగు కూలీలుగా, ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా మన తాతలు వచ్చారు. ఒకరు వచ్చి కుదురుకున్నాక ఊళ్లో ఉన్న బావమరిదిని పిలిపించుకున్నారు, ఆయన తమ్ముణ్ణి పిలిపించుకున్నాడు. ఇప్పటికీ కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ప్లాట్‌ఫారం మీదికి వస్తే తెలుగు మాటలే ఎక్కుతాయి, తెలుగు మూటలే దిగుతాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రమయ్యాక ఇక్కడ రైలు అంటే అన్నం అన్నంత గట్టి మాటయింది.

ఆ రోజుల్లో ఉద్యోగం ఎలా వచ్చేది? తెలిసినవాడు వెళ్లి ఇన్‌స్పెక్టరుకో ఫోర్‌మన్‌కో ఒక మాట చెప్పేవాడు. కుర్రాణ్ణి రోజుకూలీగా పెట్టుకునేవారు. ఏళ్లు గడిచాక పర్మనెంటు అయ్యేవాడు. అది అప్పటి పద్ధతి, అందులో మోసం లేదు. తర్వాత కూడా భద్రతా విభాగాల్లో తండ్రి స్వచ్ఛందంగా రిటైరైతే కొడుక్కి ఉద్యోగమిచ్చే పథకం ఒకటి 2004లో మొదలై కొన్నేళ్లు నడిచింది. 2018లో దాన్ని రద్దు చేశారు. సర్వీసులో ఉండగా చనిపోయినవారి కుటుంబానికి కారుణ్య నియామకం ఇప్పటికీ ఉంది.

కాబట్టి మన ఇళ్లల్లో ‘తెలిసినవాడి ద్వారా ఉద్యోగం’ అన్నది పుకారు కాదు, తాత బతుకు. దళారీ వాడుకునేది సరిగ్గా దీన్నే. “మీ నాన్నగారికి ఎలా వచ్చిందండీ? ఇదీ అంతే, లోపల కోటా ఉంటుంది” అంటాడు. వినేవాడికి అబద్ధంలా తోచదు, కుటుంబ కథలాగే వినిపిస్తుంది. దానికి తోడు ‘మనవాడు’ అన్న మాట. పరాయి ఊళ్లో మన భాష వినపడితే మనసు దానంతటదే తలుపు తీస్తుంది. నూట పాతికేళ్లుగా ఈ ఊళ్లో మనల్ని బతికించింది ఆ తలుపే. ఇప్పుడు దొంగ వస్తున్నదీ ఆ తలుపులోంచే.

ఈనాటి లెక్క వేరు. 2019లో వచ్చిన రైల్వే ఎన్‌టీపీసీ (సాంకేతికేతర ఉద్యోగాల) ప్రకటనలో సుమారు 35 వేల పోస్టులకు కోటీ పాతిక లక్షల దాకా దరఖాస్తులు వచ్చాయి. గ్రూప్ డిలో దాదాపు లక్ష పోస్టులకు కోటికి పైగా వచ్చాయి. ఇంత తొక్కిసలాటలో ‘పక్క దారి ఉంది’ అన్నవాడి మాటకు విలువ పెరగడం సహజం. కానీ ఆ పక్క దారి లేదు. రైల్వే నియామక మండలి ప్రకటన ఇస్తుంది. కంప్యూటరు మీద పరీక్ష పెడుతుంది. గ్రూప్ డి అయితే దేహ పరీక్ష ఉంటుంది: మగపిల్లలు 35 కిలోల బరువు ఎత్తుకుని 100 మీటర్లు 2 నిమిషాల్లో నడవాలి, 1000 మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. ఆ తర్వాత కాగితాల పరిశీలన, రైల్వే ఆసుపత్రిలో వైద్య పరీక్ష. ప్రతి దశ ఫలితమూ రోల్ నంబర్లతో మండలి వెబ్‌సైటులో వస్తుంది. మన బిలాస్‌పూర్‌లోనే ఒక నియామక మండలి ఉంది.

తెల్లవారుజామున రైల్వే మైదానంలో ఇసుక బస్తా భుజాన వేసుకుని నడిచే పిల్లల్ని మీరు చూసే ఉంటారు. ఒకడు చేతిలో ఫోను పట్టుకుని సెకన్లు లెక్కపెడుతుంటాడు. బస్తా నేలకు తగిలితే మళ్లీ మొదటి నుంచి. ఆ పిల్లలకు మనం ఒక్క మాట బాకీ ఉన్నాం: డబ్బుతో దొరికే రైల్వే ఉద్యోగం లేదు, ఉందన్నవాడు మీ బస్తా బరువును అవమానిస్తున్నాడు.

చట్టం ఏ పని నేరమంటుంది

‘వాడు పెద్ద ఫోర్‌ట్వంటీ’ అని మన వాడుకలో ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని ఒక సెక్షను నంబరు తిట్టుగా మారి ఊరూరా నిలిచింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక ఆ వంచన నేరం 318వ సెక్షనులోకి మారింది. అంతకు ముందు జరిగిన మోసాలకు పాత సెక్షనే వర్తిస్తుంది. అంకె మారింది గానీ నేరం లక్షణం మారలేదు.

ఆ లక్షణం మూడు ముక్కల్లో చెప్పొచ్చు. ఒకటి, అబద్ధం చెప్పి గానీ నిజం దాచి గానీ ఎదుటివాణ్ణి భ్రమలో పెట్టాలి. రెండు, దురుద్దేశంతో పెట్టాలి. మూడు, ఆ భ్రమలో ఉండి ఎదుటివాడు డబ్బో ఆస్తో ఇచ్చి ఉండాలి, లేదా తనకు చేటయ్యే పని చేసి ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే వంచన. డబ్బు లేదా ఆస్తి చేతులు మారిన వంచనకు ఏడేళ్ల వరకు జైలు, జరిమానా.

‘దురుద్దేశం ఎప్పుడు పుట్టింది’ అన్నది అసలు ప్రశ్న. బుధ్‌వారీ బజారులో ఒకాయన కొట్టు పెట్టుకోవడానికి మీ దగ్గర యాభై వేలు అప్పు తీసుకున్నాడు. కొట్టు దెబ్బతింది, తీర్చలేకపోయాడు. అది సివిలు తగాదా. ఇంకొకాయన కొట్టు పెట్టే ఆలోచనే లేకుండా కొట్టు పేరు చెప్పి అంతే డబ్బు తీసుకున్నాడు. అది నేరం. రెండు చోట్లా పోయింది యాభై వేలే. కానీ రెండో దాంట్లో అబద్ధం మొదటి రోజునే ఉంది. సుప్రీంకోర్టు హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో 2000లో ఈ గీత స్పష్టంగా గీసింది: మాట ఇచ్చిన నాడే మోసగించే ఉద్దేశం ఉందా అన్నది చూడాలి, మాట తప్పినంత మాత్రాన వంచన కాదు.

దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటి ఉంది, నమ్మకద్రోహం, 316వ సెక్షను. సంఘం సొమ్ము కోశాధికారి చేతిలో నిజాయితీగానే పెట్టాం. ఏడాది తర్వాత ఆయన బుద్ధి మారి సొంతానికి వాడుకున్నాడు. ఇక్కడ మొదట్లో అబద్ధం లేదు, మధ్యలో ద్రోహం వచ్చింది. ఒకే డబ్బు విషయంలో ఈ రెండు నేరాలూ ఒకేసారి ఉండవని 2024లో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తేడా వకీళ్లకే పరిమితం కాదు. ఫిర్యాదు రాసేటప్పుడు ‘డబ్బు తిరిగివ్వడం లేదు’ అని మాత్రమే రాస్తే ఠాణాలో దాన్ని అప్పు తగాదాగా చూసి పంపేస్తారు. ‘ఫలానా రోజు ఫలానా అబద్ధం చెప్పాడు, అది నమ్మి ఇచ్చాను’ అని రాస్తే నేరం కాగితం మీద కనపడుతుంది. పెద్దాయన ‘ఎప్పుడు, ఎలా, ఎవరి ఎదట’ అని అడగమన్నది ఇందుకే.

నకిలీ నియామకపత్రంలో వంచనతో పాటు ఫోర్జరీ ఉంటుంది. రైల్వే అధికారినని చెప్పుకుని ఆ హోదాలో పని చేస్తే 204వ సెక్షను కింద ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు శిక్ష ఉంటుంది. వేరేవాడి పేరుతో ఫోన్లో, కంప్యూటర్లో మోసగిస్తే సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షను వస్తుంది. మోసంతో వచ్చిన సొమ్మని తెలిసీ పుచ్చుకుంటే కొత్త సంహిత 317వ సెక్షను దాన్ని దొంగసొత్తుగానే చూస్తుంది. కుర్రాళ్లు ఈ చివరి మాట చెవిన పెట్టుకోవాలి. ‘నీ బ్యాంకు ఖాతా నెలరోజులు వాడుకుంటాం, పదివేలు ఇస్తాం’ అని ఎవరైనా అంటే ఆ ఖాతాలోకి వచ్చేది ఎవరి పుస్తెలతాడు డబ్బో అయి ఉంటుంది. పోలీసులు మొదట వచ్చేది మీ ఇంటికే.

స్టేషనులో ఒక కవిత

ఇక్కడ కాసేపు ఆగి మన స్టేషనుకు వెళదాం. రవీంద్రనాథ్ టాగూర్ 1918లో వెలువరించిన ‘పలాతక’ సంపుటిలో ‘ఫాకి’ అనే కవిత ఉంది. ఆ మాటకు మోసం అనే అర్థం. అందులోని ముఖ్య ఘట్టం జరిగేది బిలాస్‌పూర్ స్టేషనులోనే. మన స్టేషనులో ఆ కవిత ఫలకం కూడా ఉంది. దాని ముందు నుంచి రోజూ వేలమంది నడిచిపోతారు.

కథ చిన్నది. జబ్బుపడ్డ భార్య బినును గాలి మార్పు కోసం భర్త రైల్లో తీసుకెళుతుంటాడు. బిలాస్‌పూర్‌లో బండి మారాలి, ఆరు గంటలు ఆగాలి. వెయిటింగ్ రూములో రుక్మిణి అనే కూలీ భార్యతో బినుకు స్నేహం కుదురుతుంది. రుక్మిణి కూతురి పెళ్లికి పాతిక రూపాయలు కావాలి. ఇవ్వమని బిను భర్తను అడుగుతుంది. సరేనని అతను రుక్మిణిని పక్కకు తీసుకెళ్లి, బెదిరించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. భార్యతో మాత్రం ఇచ్చేశానంటాడు. రెండు నెలలకు బిను ఆ తృప్తితోనే కన్నుమూస్తుంది. అతను బిలాస్‌పూర్‌కు తిరిగొచ్చి రుక్మిణి కోసం వెతుకుతాడు. ఆమె ఎక్కడికో వెళ్లిపోయింది. బాకీ తీర్చే చోటు ఇక లేదు.

ఏ సంహితలోనూ ఆ భర్తకు శిక్ష పడదు. కానీ ఏళ్లుగా మోసం కేసులు చూస్తున్న నాకు ఆ కవితలో రెండు నిజాలు కనపడతాయి. మొదటిది, మోసం ఎప్పుడూ చిన్నవాణ్ణి పక్కకు తీసుకెళ్లి జరుగుతుంది, నలుగురి ఎదట జరగదు. రెండోది, మోసాన్ని సరిదిద్దే గడువు తక్కువ. ఆలస్యమైతే డబ్బు ఉన్నా మనిషి దొరకడు, మనిషి ఉన్నా డబ్బు దొరకదు. నివారణకు ఈ రెండూ చాలు: పక్కకు వెళ్లకపోవడం, ఆలస్యం చెయ్యకపోవడం.

మోసం మొహాలు

2022 జూన్, జూలై నెలల్లో తమిళనాడు నుంచి వచ్చిన 28 మంది న్యూఢిల్లీ స్టేషను ప్లాట్‌ఫారాల మీద రోజుకు ఎనిమిది గంటలు నిలబడి వచ్చే పోయే రైళ్లను, వాటి పెట్టెలను లెక్కపెట్టారు. నెల రోజుల పాటు. అది టికెట్ ఎగ్జామినరు, గుమాస్తా ఉద్యోగాలకు శిక్షణ అని వాళ్లకు చెప్పారు. ఒక్కొక్కరి దగ్గర లక్షల్లో, మొత్తం రెండు కోట్ల అరవై ఏడు లక్షలు వసూలు చేశారు. ఢిల్లీ పోలీసుల ఆర్థిక నేరాల విభాగం కేసు పెట్టాక అది వార్త అయింది. ఆ వార్త చదివి నవ్వినవాళ్లున్నారు. నాకు నవ్వు రాలేదు. చదువుకున్న పిల్లలు, ఎండలో నిలబడి, పెట్టెలు తప్పు లెక్కపెడితే ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూ లెక్కపెట్టారు. వాళ్ల నిజాయితీనే వాళ్ల మీద ప్రయోగించారు.

మన సొంత జిల్లాల సంగతి ఇంకా బాధాకరం. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, మనిషికి లక్షన్నర దాకా తీసుకుని, ఉత్తరాంధ్ర కుర్రాళ్లను కంబోడియా పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, ఫోన్లలో మన దేశస్థులనే మోసం చేసే పని చేయించారు. ఆ నెల 20న సిహనూక్‌విల్‌లో మనవాళ్లు తిరగబడ్డాక ప్రభుత్వం కదిలింది, జట్లు జట్లుగా విశాఖ చేరారు. ఉద్యోగ మోసంలో ఓడినవాణ్ణే మరో మోసానికి కూలీగా మార్చిన కాలం ఇది. ఫోన్లో పోలీసునని గద్దించే గొంతు వెనక అలాంటి బందీ ఒకడు ఉండొచ్చు.

‘మనవాడు’ అన్న మాట పెద్ద ఎత్తున ఎలా పని చేస్తుందో అగ్రిగోల్డ్ డిపాజిట్ల ఉదంతం చూపించింది. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థలో పలు రాష్ట్రాల వాళ్లు దాదాపు 32 లక్షల మంది, ఆరు వేల కోట్లకు పైగా కట్టారని లెక్క తేలింది. ఆ డబ్బు వసూలు చేసిన ఏజెంట్లు ఎక్కడివాళ్లో కాదు, అదే ఊరి మేనమామలు, పక్కింటి అక్కలు. సంస్థ చెల్లింపులు ఆపేసినప్పుడు జనం నిలదీసిందీ వాళ్లనే. 2019లో నియంత్రణ లేని డిపాజిట్ పథకాల నిషేధ చట్టం వచ్చింది. అనుమతి లేకుండా డిపాజిట్లు సేకరించడమే ఇప్పుడు నేరం, ఎగ్గొట్టేదాకా ఆగనక్కర్లేదు. రిజిస్టరైన చీటీకి 1982 చిట్‌ఫండ్ చట్టం అండ ఉంది. ఇంట్లో నోటిమాట మీద నడిపే చీటీకి ఆ అండ లేదు.

ఇక ఫోను. 2024 ఒక్క ఏడాదిలో సైబరు మోసాల్లో దేశం 22,845 కోట్లు పోగొట్టుకుందని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పింది. అందులో ‘డిజిటల్ అరెస్టు’ మన రిటైరైన పెద్దలకు ప్రత్యేకంగా గురి పెట్టింది. పదవీ విరమణ డబ్బు బ్యాంకులో ఉన్నవాళ్లు, జీవితమంతా పై అధికారి మాట జవదాటకుండా పని చేసినవాళ్లు, యూనిఫాం చూస్తే లేచి నిలబడే అలవాటున్నవాళ్లు. వాళ్లకు వీడియోలో యూనిఫాం కనపడితే చాలు. కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ఫోన్లో, వీడియోలో అరెస్టు చేసే చట్టం ఈ దేశంలో లేదు. డబ్బు పంపితే విచారణ ఆపుతామనే పోలీసు, జడ్జి, సీబీఐ ఎవరూ లేరు. ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్న మాట వినపడిన క్షణమే ఫోను పెట్టేయండి. కవితలో రుక్మిణిని పక్కకు పిలిచినవాడే వీడు కూడా.

మౌనం ఎవరికి మేలు చేస్తుంది

మోసపోయినవాళ్లు ఫిర్యాదు ఎందుకు చెయ్యరు? మొదటిది సిగ్గు. నలుగురూ నవ్వుతారని. రెండోది బంధం. ‘మనవాణ్ణి జైల్లో పెట్టిస్తావా’ అని సంఘం పెద్దలే అడుగుతారు. మూడోది భయం. ఉద్యోగానికి డబ్బిచ్చాం కదా, మాదీ నేరమేనేమో అని.

మూడో దాన్ని దాచకుండా చెప్పాలి. ప్రభుత్వోద్యోగిని ప్రభావితం చెయ్యడానికి లంచం ఇవ్వడం కూడా నేరమే, అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ దాన్ని స్పష్టం చేసింది. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లో చెబితే ఆ చట్టమే రక్షణ ఇస్తుంది. శిక్షణ ఫీజు, డిపాజిటు అని నమ్మించి తీసుకుంటే సంగతి వేరు. మీది ఏ కోవలోకి వస్తుందో వకీలుతో దాపరికం లేకుండా మాట్లాడండి. భయపడి కూర్చుంటే బాగుపడేది దళారీయే. మీ భయమే వాడి పూచీకత్తు. అది తెలిసే వాడు పక్క వీధిలో ఇంకో తల్లి కోసం వెతుకుతాడు.

రెండో దాని గురించి సంఘాల్లో ఉన్న మనమే సిగ్గుపడాలి. రాజీ చెయ్యడం మంచి పనే. కానీ మోసగాడి పరువు కాపాడి మోసపోయినవాడి నోరు మూయించేది రాజీ అనిపించుకోదు. ఆ తల్లి దగ్గర డబ్బు పుచ్చుకున్న మధ్యవర్తి చందా పుస్తకం పట్టుకుని తిరిగింది మన అనుమతితోనే. అతని చేతికి ఆ పుస్తకం ఇచ్చినప్పుడు మనం తెలియకుండానే అతనికి ఒక యోగ్యతాపత్రం రాసిచ్చాం.

చట్టం ఇప్పుడు మునుపటికన్నా దగ్గరగా ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వొచ్చు. దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చు, ఆపైన మేజిస్ట్రేటు ఉన్నారు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా పోలీసులు మీకు తెలపాలి. నేరం ద్వారా వచ్చిన ఆస్తిని జప్తు చేసి బాధితులకు పంచే దారి 107వ సెక్షనులో ఉంది.

ఫోను ద్వారా, బ్యాంకు ద్వారా డబ్బు పోతే వెంటనే సైబరు మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చెయ్యాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పరిగెడుతుంటుంది. మధ్యలో ఎక్కడ ఉంటే అక్కడ ఆ బ్యాంకు దాన్ని పట్టి ఉంచగలదు. 2021లో ఈ ఏర్పాటు మొదలైనప్పటి నుంచి 2025 జూలై నాటికి ఐదు వేల కోట్లకు పైగా ఇలా ఆపగలిగారు. మీ ప్రమేయం లేకుండా ఖాతా నుంచి డబ్బు పోయి, తప్పు మీదీ బ్యాంకుదీ కాకపోతే, మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్పినవారి మీద భారం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఆదేశించింది. మెసేజీలు, ఫోను రికార్డులు చెరపకండి. చిరాకుతో ఆ నంబరు తీసెయ్యకండి. నగదు ఇచ్చి ఉంటే ఆ రోజు ఎక్కడి నుంచి ఆ నగదు తెచ్చారో, అమ్మిన బంగారం రశీదు, పొలం కాగితం, అన్నీ ఒక కవర్లో పెట్టండి. అవే సాక్ష్యం.

ముందే చెయ్యవలసింది

జాగ్రత్తలన్నీ ఒక జాబితాగా చదివితే ఇల్లు చేరేలోపు మరిచిపోతారు. కాబట్టి అలవాటు చేసుకోవలసినవి రెండే చెబుతాను.

ఒకటి, వెలుతుర్లో పెట్టడం. ఉద్యోగమన్నా, డిపాజిటన్నా, విదేశమన్నా, డబ్బు కదిలే ముందు ఇంట్లో కనీసం ఇద్దరికి, బయట ఒక చదువుకున్నవాడికి చెప్పండి. నిజమైన పని వెలుతురుకు భయపడదు. ప్రకటన నంబరు అడగండి, అధికారిక వెబ్‌సైటులో చూడండి, డివిజను పర్సనల్ బ్రాంచికి వెళ్లి కాగితం చూపించండి. విదేశీ ఉద్యోగమైతే ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర నమోదైనవాడో కాదో చూడండి. ఆ మాట వినగానే మొహం మాడ్చుకున్నవాడు తన జవాబు తానే చెప్పేశాడు.

రెండు, ‘మనవాడు’ అన్న మాటను ప్రేమకు వాడండి, రుజువుకు వాడకండి. మనవాడి పెళ్లికి వెళదాం, చావుకు భుజం పడదాం, కష్టానికి అప్పిద్దాం. డబ్బుకు మాత్రం రశీదు అడుగుదాం. నిజమైన మనవాడు రశీదు అడిగితే నొచ్చుకోడు, తనే రాసి తెస్తాడు. పెద్దాయన సంఘం లెక్కలు రాసిన అన్నేళ్లలో రూపాయి చందాకు కూడా రశీదు చింపి ఇచ్చారు. ‘మీ మీద నమ్మకం లేదా’ అన్నవాళ్లకు ‘నా మీద మీకుంది, నా తర్వాత ఈ పుస్తకం ఎవరి చేతికి వస్తుందో మనకు తెలీదు’ అనేవారు.

ఆ తల్లీ కొడుకుల సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రాత్రే పెద్దాయన ఫిర్యాదు రాశారు. ఇచ్చిన తేదీలు, ఇచ్చిన చోటు, అప్పుడు అక్కడున్న ఇద్దరి పేర్లు, అన్నీ వరసగా. మర్నాడు ముగ్గురం ఠాణాకు వెళ్లాం. కేసు ఏళ్ల తరబడి నడిచింది. మధ్యవర్తి తానూ మోసపోయానన్నాడు, అతను తీసుకున్న కమిషను లెక్క దొరికాక ఆ మాట నిలవలేదు. ఆరు లక్షల్లో ఆమెకు తిరిగి వచ్చింది రెండు లక్షల లోపే. పొలం రాలేదు. అయితే కేసు నమోదైందని తెలిశాక అదే మనిషికి డబ్బిచ్చిన ఇంకో నాలుగు కుటుంబాలు బయటికొచ్చాయి, ఇవ్వబోతున్న రెండు కుటుంబాలు ఆగిపోయాయి. ఆ ఆరు ఇళ్లూ ఆ తల్లి ధైర్యానికి బాకీ ఉన్నాయి.

నేను ‘ఎందుకిచ్చారు’ అన్నప్పుడు ఆమె అరుగు దిగిపోయి ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

అందుకే ఇక్కడున్న ప్రతి తండ్రికీ, ప్రతి అత్తగారికీ, ప్రతి అన్నకూ నా మనవి. రేపు మీ ఇంట్లో ఎవరైనా తలదించుకుని వచ్చి ‘డబ్బు పోయింది’ అంటే కోపం మింగండి. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి. ‘ఎప్పుడిచ్చావు, ఎలా ఇచ్చావు’ అని అడగండి. అడుగుతూనే 1930కి ఫోను చెయ్యండి, వాళ్ల వెంట ఠాణాకు మీరూ నడవండి.